దొరికింది కాదు... నిలిచిందే తిండి!

కంప్యూటరు ఆటలో ఆకలి చావు తప్పించుకునే ఉపాయాలు
మన ఉప్పుజాడీకి వాటితో ఉన్న చుట్టరికం

విశాఖపట్నం: ఇరవై మూడో రోజున కుర్రవాడు చనిపోయాడు. పాఠకులు కంగారు పడనక్కరలేదు. చనిపోయింది కంప్యూటరు తెర మీద. ఆడుతున్నవాడు మాత్రం నిక్షేపంగా మా ఇంట్లోనే ఉన్నాడు. వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు, ఎనిమిదో తరగతి. ఆ సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి అన్నం దగ్గర కూర్చున్నాడు.

“ఏరా, ఏమయింది?” అని అడిగింది మా అమ్మ.

“ఆకలితో చచ్చిపోయాను అమ్మమ్మా. పెట్టెలో నలభై మాంసం ముక్కలు పెట్టుకున్నాను. చలికాలం వచ్చేసరికి అన్నీ కుళ్లిపోయాయి.”

అమ్మ అప్పుడు మాగాయ ముక్కలు ఎండాయో లేదో ఒక్కొక్కటే విరిచి చూస్తోంది. తలెత్తకుండానే, “అంత మాంసం పోగేసినవాడివి ఎండబెట్టుకోలేదట్రా?” అంది.

వాడు అన్నం ముద్ద చేతిలో ఉంచుకుని ఆలోచించాడు. తరవాత తెలిసిందేమిటంటే, ఆ ఆటలో మాంసం ఎండబెట్టే ఏర్పాటు ఉంది! వాడే దాని జోలికి పోలేదు. ఆ రాత్రి మొదలైన చర్చ వారం రోజులు సాగింది. అందులో తేలిన సంగతులు పిల్లలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చేవి కనుక ఇక్కడ ముచ్చటిస్తున్నాం.

ఏమిటీ ఆట?

ఆట పేరు 'డోంట్ స్టార్వ్'. ఆకలితో మాడకు అని అర్థం. కెనడాలోని వాంకూవర్ నగరానికి చెందిన క్లై ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ 2013లో దీనిని విడుదల చేసింది. నలుగురు కలిసి ఆడుకునేందుకు వీలుగా 'డోంట్ స్టార్వ్ టుగెదర్' పేరుతో రెండో రూపం 2016లో వచ్చింది. మావాడు ఆడుతున్నది ఇదే.

ఇందులో తుపాకుల మోత ప్రధానం కాదు. ఎవరూ లేని అడవిలో వట్టి చేతులతో మేలుకుంటారు. పుల్లలు ఏరుకోవాలి, నిప్పు రాజేసుకోవాలి, తిండి సంపాదించుకోవాలి. ఎన్ని రోజులు బతికారన్నదే లెక్క. ఆటలో ఒక రోజు అంటే మన గడియారంలో ఎనిమిది నిమిషాలు. ఇలాంటి వాటిని సర్వైవల్ గేములు అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బతుకు పోరాటపు ఆటలు.

చాలా ఆటల్లో సంపాదించిన తిండి ఎన్నాళ్లయినా చెడదు. ఊరూరా పిల్లలు ఆడే 'మైన్‌క్రాఫ్ట్'లో రొట్టె పెట్టెలో పడేస్తే ఏడాదికైనా అలాగే ఉంటుంది. 'డోంట్ స్టార్వ్'లో అలా కాదు. కోసిన క్షణం నుంచే తిండికి ఆయుర్దాయం తరగడం మొదలవుతుంది. మొదట దాని వెనుక పచ్చరంగు కనబడుతుంది. తాజాదనం సగానికి తగ్గగానే పసుపు, అయిదో వంతుకు దిగితే ఎరుపు. ఆ తరవాత మిగిలేది కుళ్లు. అది తినడానికి పనికిరాదు, చెట్లకు ఎరువుగా వేసుకోవచ్చు. అన్నట్టు పసుపు, ఎరుపు దశల్లో తిన్నా పూర్తి ఫలం దక్కదు. తాజా తిండి తీర్చినంత ఆకలిని వాడిన తిండి తీర్చదు.

లెక్క తప్పింది ఎక్కడ?

మావాడి చావుకు కారణం కరువు కాదు, లెక్క. అది ఎలాగో చూద్దాం.

మామూలు ఏర్పాటులో శరత్కాలం 20 రోజులు. దాని వెంట శీతకాలం 15 రోజులు. శీతకాలంలో పొదలు కొత్తగా కాయవు, తేనెటీగలు తేనె పెట్టవు. అంటే మొదటి 20 రోజుల్లో కూడబెట్టినదే చాలావరకు ఆధారం. ఆటలోని విల్సన్ అనే మనిషికి కడుపు నిండితే 150 పాయింట్లు. రోజుకు 75 చొప్పున కరిగిపోతాయి. ఒక పెద్ద మాంసం ముక్క 25 పాయింట్ల ఆకలి తీరుస్తుంది. అంటే రోజుకు మూడు ముక్కలు. మరేమీ దొరక్కపోతే 15 రోజులకు 45 ముక్కలు కావాలి.

మావాడు ఈ లెక్క వేశాడు. నలభైకి పైగా కూడబెట్టాడు. సంఖ్య దాదాపు సరిపోయింది. కాని పచ్చి మాంసం ఆయుర్దాయం ఆరు రోజులేనన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. పన్నెండో రోజున తెచ్చిన మాంసం పద్దెనిమిదో రోజుకు కుళ్లు. శీతకాలం మొదలయ్యేది ఇరవై ఒకటో రోజున! ఎంత తెచ్చామన్నది ఒక లెక్క, ఎన్నాళ్లుంటుందన్నది మరో లెక్క. ఈ రెండో లెక్కే ఈ ఆటకు ప్రాణం.

నిప్పుల మీద కాలిస్తే మాంసం ఆయువు ఆరు నుంచి పది రోజులకు పెరుగుతుంది. పళ్ల సంగతి దీనికి తలకిందులు. పచ్చిగా ఆరు రోజులుండే పండు కాలిస్తే మూడు రోజులే ఉంటుంది. చేప త్వరగా, మూడు రోజుల్లోనే పాడవుతుంది. నేల మీద పడేసిన తిండి మామూలుకంటె ఒకటిన్నర రెట్లు వేగంగా చెడిపోతుంది. ఎండాకాలంలో వేగం పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. ఇదంతా విన్న అమ్మ, “ఈ ఆట కట్టినవాళ్లెవరో వంటిల్లు ఎరిగినవాళ్లేరా” అని మెచ్చుకుంది.

దండెం మీద మాంసం

ఇక విరుగుడు ఉపాయాలు. అన్నింటిలోకీ చవకైనది ఎండబెట్టే దండెం. మూడు పుల్లలు, రెండు బొగ్గులు, మూడు తాళ్లు ఉంటే తయారవుతుంది. పెద్ద మాంసం ముక్క ఎండడానికి రెండు రోజులు, చిన్న ముక్కకు ఒక రోజు పడుతుంది. వాన కురిస్తే ఎండడం ఆగిపోతుంది. మబ్బు చూసి వడియాలు ఎత్తుకొచ్చే మన ఇల్లాళ్లకు ఇది కొత్త కాదు.

ఎండిన మాంసానికి ఆయుర్దాయం 20 రోజులు. ఇప్పుడు లెక్క మళ్లీ వేసి చూడండి. పదిహేడో రోజున దండెం మీద వేస్తే పంతొమ్మిదో రోజున దించుకోవచ్చు. అది ముప్పై తొమ్మిదో రోజు దాకా ఉంటుంది. శీతకాలం ముగిసేది ముప్పై అయిదో రోజున. అంటే గట్టెక్కినట్టే! నలభై ముక్కలూ అవే, ఆకలీ అదే. తేడా అంతా రెండు రోజుల ఎండలో ఉంది.

పచ్చి మాంసం తింటే ఆటలోని మనిషికి మతి చెదురుతుంది. ఎండు మాంసం తింటే ఒంటికీ మనసుకూ కూడా మేలు. ఎండితే రుచి వస్తుందని ఆట కూడా ఒప్పుకున్నట్టే కదా.

చల్లదనం, ఉప్పు, తేనె

రెండో ఉపాయం మంచుపెట్టె. ఇందులో పెట్టిన తిండి సగం వేగంతో చెడిపోతుంది. ఇరవై రోజుల సరుకు నలభై రోజులు వస్తుంది. అయితే దీనికి రెండు బంగారు ముక్కలు, ఒక పలక, ఒక పళ్లచక్రం కావాలి. పళ్లచక్రం సులభంగా దొరకదు. మరబొమ్మల్లాంటి మృగాలను చంపి సంపాదించాలి. చల్లదనానికి ఎప్పుడూ ఖరీదు ఎక్కువే.

మూడోది ఉప్పుపెట్టె. సముద్రంలోకి పడవ వేసుకుపోయి, ఉప్పుగడ్డలు పగలగొట్టి తెచ్చుకుని దీనిని కట్టుకోవాలి. వండని సరుకులు ఇందులో నాలుగో వంతు వేగంతో మాత్రమే చెడతాయి. మంచుపెట్టెకంటె ఉప్పుపెట్టెకే బలం ఎక్కువన్నమాట.

నాలుగోది తేనె. ఈ ఆటలో తేనె చాలా రోజులు నిలుస్తుంది. నిజ జీవితంలోనూ గట్టిగా మూతపెట్టిన మంచి తేనె ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందులో నీరు తక్కువ, చక్కెర మెండు, కాస్త పులుపుతనం కూడా ఉంది. సూక్ష్మజీవులు బతకడానికి కావలసిన నీరు వాటికి అందదు. ఎండబెట్టడంలోనూ, ఉప్పు వేయడంలోనూ ఉన్న కిటుకు ఇదే. ఎండ నీటిని ఎగరగొడుతుంది, ఉప్పు నీటిని లాగేసుకుంటుంది, చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది. చల్లదనం మాత్రం సూక్ష్మజీవులను చంపదు, వాటి పనిని నిదానం చేస్తుంది.

సోదర ఆటల్లో మరికొన్ని

ఇదే కోవలోని 'వింటేజ్ స్టోరీ' అనే ఆట ఇంకా లోతుకు వెళ్లింది. అందులో నేలమాళిగ కట్టుకోవాలి. మట్టి గోడలో, రాతి గోడలో మూసుకుని, గది చిన్నదిగా ఉంటే లోపలి సరుకు నిదానంగా చెడుతుంది. ధాన్యానికి మట్టి బానలు ఉన్నాయి. కూరగాయలను పీపాలో ఉప్పునీట ఊరబెట్టవచ్చు, మాంసానికి ఉప్పు పట్టించవచ్చు. వండిన కూరను మట్టికుండలో పోసి మూతి చుట్టూ కొవ్వుతోనో, తేనెమైనంతోనో బిగిస్తే చాలాకాలం నిలుస్తుంది. అయితే ఉప్పు దొరకడమే కష్టం. ఉప్పురాతి గనులు వెతుక్కుంటూ దూరాలు తిరగాలి. ధాన్యపు పాతరలు ఎరిగిన మన పెద్దలకు, జాడీకి వాసెన కట్టే మన ఆడవాళ్లకు ఈ ఆట ఎవరూ నేర్పనక్కరలేదు.

కెనడా ఉత్తరాది మంచు అడవుల్లో సాగే 'ది లాంగ్ డార్క్' అనే ఆటలో ప్రకృతే శీతల గిడ్డంగి. మాంసాన్ని గుడిసెలో పెట్టుకున్నదానికంటె బయట మంచులో పెడితే ఎక్కువ కాలం ఉంటుంది. కాని పచ్చి మాంసం మోసుకు తిరిగితే ఆ వాసనకు తోడేళ్లు వెంటబడతాయి.

'ప్రాజెక్ట్ జాంబాయిడ్' అనే మరో ఆట 1993 నాటి అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలో జరుగుతున్నట్టు ఊహించి కట్టినది. ఇళ్లలో ఫ్రిజ్‌లు ఉంటాయి, నిండా తిండి ఉంటుంది. కాని ఆట మొదలైన కొద్ది రోజులకే కరెంటు పోతుంది, మళ్లీ రాదు. అప్పటిదాకా ఫ్రిజ్‌ను నమ్ముకున్నవాడు దిక్కులు చూడాలి. ముందుచూపు ఉన్నవాడు కూరగాయలను గాజుసీసాల్లో వెనిగర్, పంచదార, నీళ్లు పోసి, మూత బిగించి, మరిగించి దాచుకుంటాడు.

సీసాలో పెట్టి మరిగించే ఈ పద్ధతికి నిజమైన చరిత్ర ఉంది. సైన్యానికి చెడిపోని తిండి కావలసి వచ్చి ఫ్రాన్స్ ప్రభుత్వం పరిష్కారం కోసం చూస్తున్న రోజుల్లో నికొలా అపేర్ అనే పాకశాస్త్రజ్ఞుడు దీనిని సాధించాడు. 1810లో 12 వేల ఫ్రాంకుల బహుమతి అందుకున్నాడు. చిత్రమేమిటంటే తన సీసాలో తిండి ఎందుకు చెడటం లేదో ఆయనకే తెలియదు. కారణం సూక్ష్మజీవులని లూయీ పాశ్చర్ పరిశోధనలతో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

హుద్‌హుద్ నాటి మాట

కరెంటు పోయే ఆట గురించి మావాడు చెబుతుంటే అమ్మ నవ్వింది. “అది ఆటేమిట్రా, మేం చూసిందే” అంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. స్తంభాలు నేలకూలాయి. నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ల కోసం జనం బారులు తీరారు. మా ఇంట్లో ఫ్రిజ్‌లోని కూరగాయలు, పాలు, పెరుగు రెండో రోజుకే పారబోశాం. తలుపు తెరవకుండా ఉంచితే కరెంటు లేని ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. అంతకుమించి భరోసా లేదు.

ఆ వారం మా కుటుంబాన్ని ఆదుకున్నది గ్యాసు పొయ్యి మీద ఉడికించిన అన్నం, అటక మీది ఆవకాయ జాడీ, డబ్బాలో వడియాలు, గోరుచిక్కుడు ఒరుగులు. పక్క వీధిలో మత్స్యకారుల ఇంటి నుంచి ఎండు నెత్తళ్లు ఇరుగుపొరుగుకు పంచిపెట్టారు. డబ్బు ఉన్నవాడికీ లేనివాడికీ ఆ నాలుగు రోజులూ ఒకటే కూర.

సముద్రం మీద బతికేవారికి ఇది ఒక తుపానుతో పోయే సంగతి కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరిగేందుకు పెట్టిన గడువు అది. పడవలు ఒడ్డున ఉన్న ఆ రోజుల్లో ఎండు చేప విలువ వారికే తెలుసు. ఆటలో శీతకాలం 15 రోజులైతే, మన రేవులో 'శీతకాలం' నడివేసవిలో 61 రోజులు వస్తుందన్నమాట.

ఆట చెప్పని సంగతులు

ఆట లెక్క నేర్పుతుంది. కాని కొన్ని చోట్ల తప్పుదారి కూడా పట్టిస్తుంది. తల్లిదండ్రులు ఈ తేడాలు పిల్లలకు చెప్పడం మంచిది.

మొదటిది కలపడం. 'డోంట్ స్టార్వ్'లో వాడిన మాంసంలో తాజా మాంసం కలిపితే రెండింటి తాజాదనం సగటు అవుతుంది. పాతది కాస్త బాగుపడుతుంది! వంటింట్లో ఇంతకంటె ప్రమాదకరమైన నమ్మకం లేదు. బూజు పట్టిన ముక్క జాడీ మొత్తాన్ని చెరుస్తుంది. పాత పచ్చడి మీద కొత్త పచ్చడి వేయవద్దనీ, తడి గరిటె పెట్టవద్దనీ పెద్దలు కేకలేసేది ఇందుకే.

రెండోది రంగు. ఆటలో ప్రమాదం ఎరుపు రంగులో ముందుగా కనబడుతుంది. నిజమైన ప్రమాదం కనబడకపోవచ్చు. గాలి చొరని సీసాల్లో, డబ్బాల్లో బొటులినం అనే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవి పెరగవచ్చు. దాని బీజాలు మామూలు మరుగుకు చావవు. తిండిలో ఆ విషం ఉన్నా రంగు, రుచి, వాసన మారకపోవచ్చు. తగినంత పులుపు ఉన్నచోట అది పెరగలేదు. అందుకే పులుపు లేని కూరగాయలను, మాంసాన్ని ఆటలో చూసి ఇంట్లో సీసాల్లో బిగించే ప్రయోగాలు చేయరాదు. ఉబ్బిన డబ్బా ఏదైనా విప్పకుండా పారవేయడమే క్షేమం. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె నాకించరాదని వైద్యులు చెప్పేదీ ఈ జీవి భయంతోనే.

మూడోది ఉప్పు కొలత. ఆటలో ఉప్పుపెట్టె కట్టుకుంటే చాలు. నిజమైన జాడీలో ఉప్పు తగ్గితే పచ్చడి పాడవుతుంది, హెచ్చితే ఒంటికి చేటు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కనుక నిలవ పచ్చళ్లు, ఎండు చేపలు ఆపద్ధర్మానికీ, నంజుకోవడానికీ సరే, మూడు పూటలా అవే కూర కాకూడదు. రక్తపోటు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నాలుగోది శ్రమ. ఆటలో మాంసం దండెం మీద వేసి మరో పనికి పోవచ్చు. మిద్దె మీద ముక్కలు ఎండబెట్టిన మనిషి కాకిని తోలాలి, దుమ్ము పడకుండా పలచటి గుడ్డ కప్పాలి, పొద్దు వాలగానే మంచు తగలకుండా ఎత్తాలి, మర్నాడు మళ్లీ పరచాలి. ఈ చాకిరీకి ఏ ఆటలోనూ పాయింట్లు లేవు.

మిద్దె తగ్గింది, పని నిలవాలి

బహుళ అంతస్తుల ఇళ్లలో ఎండ పడే చోటు తగ్గింది. పచ్చడి దుకాణంలో దొరుకుతుంది. ఫ్రిజ్ ఉంది, ఫోను చేస్తే సరుకు గుమ్మంలోకి వస్తుంది. ఇవి సుఖాలే, కాదనడం లేదు. కాని కరెంటు, రోడ్డు, ఫోను మూడూ ఒకేసారి పోయిన రోజు ఈ నగరం ఒకసారి చూసింది. ఆ రోజున పనికివచ్చే విద్య పుస్తకాల్లో తక్కువ, ఇంటి పెద్దల చేతుల్లో ఎక్కువ ఉంది. పాళ్లు అడిగితే వారు చేత్తో చూపుతారే తప్ప తూచి చెప్పలేరు. వారు ఉన్నప్పుడే కొలిచి రాసి ఉంచుకోకపోతే అది వారితోనే పోతుంది.

ఈ పని ఒక కంప్యూటరు ఆట వల్ల మా ఇంట్లో మొదలు కావడం విశేషం. మావాడు రెండోసారి ఆట మొదలుపెట్టి ఆరు దండేలు కట్టాడు. ముప్పై ఆరో రోజు ఉదయం మంచు కరుగుతుంటే ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు. ఇంకా తొమ్మిది ఎండు ముక్కలు మిగిలాయట.

మర్నాడు ఆవకాయ కలుపుతున్న అమ్మ పక్కన వంటింటి త్రాసు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఉప్పు గిన్నెలో చెయ్యి పెట్టినప్పుడల్లా, “ఆగు అమ్మమ్మా, తూచనీ” అంటున్నాడు. మొదట విసుక్కుంది. తరవాత తనే గుప్పెడు ఉప్పు తీసి త్రాసు మీద పోసి, “రాసుకో” అంది.